కొండ మీది కొలత

ఆ వీధిలో అందరూ ఆమెను కోడలు అనే పిలుస్తారు. ఆమెకి నలభై ఏడేళ్ళు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయింది. అయినా ఆ దర్జీ దుకాణానికి వచ్చేవాళ్ళు గుమ్మంలోంచే "కోడలు ఉందా?" అని అడుగుతారు గాని ఇంకో మాట అనరు. అత్తగారు దుకాణంలో ఉన్నంతకాలం ఆమె కోడలే. అత్తగారు ఎప్పుడూ దుకాణంలోనే ఉంటుంది.

దుకాణం అంటే పొడుగాటి గది. వీధి వైపు ఒకటే కిటికీ. కిటికీ పక్కన చేతుల కుర్చీ, దాని ముందు బల్ల. ఆ కుర్చీ అత్తగారిది. లోపలికి పోయేకొద్దీ వెలుతురు పలచబడుతుంది. చిట్టచివర, ఇస్త్రీ బల్లకీ గోడకీ మధ్య, ట్యూబులైటు కింద కుట్టుమిషను. అది కోడలిది.

అత్తగారికి ఎనభై ఒకటి. చూపు మసకబారి పదకొండేళ్ళయింది. కిటికీ ఎటుందో తెలుస్తుంది, మనిషి వచ్చాడో పోయాడో తెలుస్తుంది. అంతవరకే. అయినా ఆ వీధికంతటికీ మంచి వెలుతురు పడే కుర్చీలో కూర్చుని, కుట్టు పూర్తయిన ప్రతి గుడ్డనీ వేళ్ళతో తడిమి చూస్తుంది. ఒక్క పోగు వదులుగా తగిలితే చాలు.

"ఏమే, ఇది నువ్వు కుట్టావా, పిల్లి కుట్టిందా?"

కోడలికి ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి మూడు నాలుగుసార్లు పడుతోంది. నల్లబట్ట మీద నల్లదారమైతే ఇక చెప్పక్కర్లేదు. కళ్ళజోడు మార్పించింది. ట్యూబులైటు మార్పించింది. మార్చవలసింది కుర్చీ అని ఆమెకి తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. చూపులేని మనిషిని వెలుతురులోంచి లెమ్మనడం ఎలా?

కిటికీలోంచి చూస్తే ఇంటికప్పుల మీదుగా కొండ. కొండ నెత్తిన మరియమాత గుడి. ఊళ్ళో ఎక్కడ నిలబడి తలెత్తినా ఆ తెల్లటి చుక్క కనిపిస్తుంది. సాయంత్రం ఎండ వాలేటప్పుడు ఆ తెలుపులో ఒక అద్దం తళుక్కుమంటుంది. చూపున్న రోజుల్లో అత్తగారు ఆ మెరుపు వైపు చెయ్యెత్తి, "అదుగో, తల్లి మన కిటికీ వైపే చూస్తోంది" అనేది. ఇప్పటికీ ఆ వేళకి తల అటే తిప్పుతుంది.

ఏటా ఒకసారి ఆ గుళ్ళోని విగ్రహానికి కొత్త పైవస్త్రం వేస్తారు. మెడ దగ్గర మొదలై భుజాల మీదుగా పాదాల దాకా జారే నీలం పట్టు, లోపల తెల్లటి లైనింగు. నలభై ఆరేళ్ళుగా అది ఈ దుకాణంలోనే తయారవుతోంది. మొదటి ఇరవై ఏడేళ్ళూ అత్తగారు కుట్టింది. తర్వాతి పందొమ్మిదేళ్ళూ కోడలు.

కత్తెర చేతికిచ్చిన రోజున అత్తగారు ఒక రేకు డబ్బా కూడా ఇచ్చింది. అందులో ఒక చీటీ. మెడ పదమూడు. వీపు నలభై ఒకటి. అంచు యాభై ఎనిమిది. కింద వేరే గీత గీసి, ఎడమ భుజం అర తక్కువ.

అంతకు ముందున్న చీటీలన్నీ కోడలు ఆ ఏడే చింపేసింది. వచ్చిన ప్రతి మనిషినీ తన టేపుతో కొత్తగా కొలిచింది. మనుషుల కొలతలు నిలవవు. పెళ్ళినాటి నడుము పిల్లలు పుట్టాక ఉండదు. రిటైరైనవాళ్ళ భుజాలు కిందికి దిగుతాయి. ఊళ్ళో కొలత మారనిది ఒక్కరికే. ఆవిడ కొండ మీద ఉంది. అందుకని ఆ ఒక్క చీటీ మిగిలింది.

అత్తగారు కొండెక్కింది ఒకేసారి, కొలత తీసుకోవడానికి. మళ్ళీ వెళ్ళలేదు. కోడల్నీ వెళ్ళనివ్వలేదు. "కుట్టినవాళ్ళు పోయి ఎదురుగా నిలబడితే మెప్పు అడుక్కున్నట్టు ఉంటుంది. కొలవడానికైతే వెళ్ళాలి. కొలత ఉందిగా!"

కోడలు సరేనంది. కానీ మనసు ఊరుకోదు కదా. ఏ బట్ట కుట్టినా సాయంత్రానికల్లా తీర్పు వచ్చేస్తుంది. చంక పట్టిందనో, జేబు దిగిందనో, చేతులు పొట్టయ్యాయనో ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడతారు. ఈ ఒక్క బట్ట మాత్రం కొండ వ్యానులో పైకి పోతుంది. మళ్ళీ ఉలుకూ పలుకూ ఉండదు. బాగుందని లేదు, బాగులేదని లేదు. పైగా ఆ అర అంగుళం. ఎడమ భుజం అర తక్కువ ఎందుకు? చెక్కినవాడి చెయ్యి జారిందా? ఎప్పుడో కింద పడిందా? పందొమ్మిదేళ్ళుగా ఆ అర అంగుళాన్ని సుద్దతో గీసేటప్పుడల్లా ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

ఈ ఏడు పైవస్త్రం వేసిన మర్నాడు ఉత్తరాలావిడ వచ్చింది. ఆ వీధికి ఉత్తరాలు పంచేది ఆవిడే. దుకాణంలో వారానికోసారి తీరిగ్గా కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ దింపి పోతుంది.

"కోడలా, ఇలా రా! నిన్న కొండకెళ్ళాను. మీ తల్లికి ఫొటో తీశాను చూడు. ఎదురుగా తియ్యనివ్వలేదు. వెనకాల మెట్లెక్కి పోతే చిన్న గది ఉంటుంది చూశావూ, అక్కడ అంచు ముట్టుకుని దణ్ణం పెట్టుకుంటారు. అక్కడ తీశాను."

"నేనెక్కడ చూశాను!" అంటూ కోడలు ఫోను అందుకుంది.

నీలం పట్టు. తన కుట్టే. బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. అంచు దగ్గర ఏవో తెల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. ఇంకా పెద్దది చేసింది. గుండుసూదులు. అంచుని లోపలికి మడిచి, బెత్తెడేసి దూరాన గుండుసూదులు గుచ్చారు. మెడ దగ్గర కూడా ఒకటి.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. గుండుసూది గుచ్చిన బట్టని దర్జీ గడప దాటించదు.

"ఏమైందే? మాట లేదు?" అంది అత్తగారు కుర్చీలోంచి.

"మీ కొలత తప్పు అత్తయ్యా."

ఉత్తరాలావిడ సంచీ సర్దుకుంది గాని లేవలేదు. ఇలాంటి చోటునుంచి ఎవరు లేస్తారు?

"ఏ కొలత?"

"కొండ మీది కొలత. పొడుగైంది. మడిచి సూదులు గుచ్చుకున్నారు. ఇదిగో, ఈవిడ ఫొటోలో కనిపిస్తోంది."

"నా కొలత తప్పదు."

"సూదులు కనిపిస్తున్నాయంటుంటే!"

"నీ కుట్టు తప్పి ఉంటుంది."

"నేను చీటీలో ఉన్నట్టే కత్తిరించాను. ఒక్క గీత ఎక్కువ లేదు."

అత్తగారి మెడలో వేలాడే టేపు కదిలింది. స్నానానికి తప్ప అది ఆ మెడలోంచి దిగదు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అది ఆవిడకి పని నేర్పినామె ఇచ్చిన టేపు. రెండు కొసలూ ఎప్పుడూ పనికోటు జేబుల్లో ఉంటాయి.

"అయితే వెళ్ళు. వెళ్ళి కొలిచి రా. నా కొలత తప్పని తేలితే ఈ కుర్చీ నీది."

ఏళ్ళ తరబడి పైకి అనని మాట ముసలామె ఎక్కణ్ణుంచి పట్టుకుంది?

"ఏం చూస్తున్నావు? నాకు కళ్ళే పోయాయి, చెవులు పోలేదు. సూదిలోకి దారం వెళ్ళనప్పుడల్లా నువ్వు విసుక్కోవడం వినపడదనుకున్నావా? తప్పైతే కుర్చీ నీది. ఒప్పయితే నేను పోయేదాకా ఆ ఊసు ఎత్తకు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర కోడలు ఈ సంగతి భర్తకి చెప్పింది. ఆయనకి యాభై ఏళ్ళు. రొట్టెల బట్టీలో పని. తెల్లవారుజామున వెళ్ళి పదకొండింటికి తిరిగొస్తాడు. ఎప్పుడూ కనుబొమల మీద కాస్త పిండి ఉంటుంది.

"మీ ఇద్దరి మధ్య నేను కొలత పెట్టను" అన్నాడు. అంతకన్న ఎక్కువ మాట్లాడితే ఆ ఇంట్లో అన్నం అరగదని ఆయనకి తెలుసు. "గురువారం వెళ్ళు, బట్టీకి సెలవు. దుకాణంలో నేను కూర్చుంటాను."

గురువారం పొద్దున కోడలు కొండెక్కింది. సంచిలో టేపు, సుద్దముక్క, చిన్న కత్తెర, సూదులు, చీటీ. బస్సు ఉంది గాని ఎక్కలేదు. పందొమ్మిదేళ్ళు ఆగి ఇప్పుడు గబుక్కున పోయి దిగబుద్ధి కాలేదు.

మెట్ల పక్కన సిలువ మార్గం. ప్రభువు సిలువ మోసిన ఘట్టాలు చెక్కి, పద్నాలుగు చోట్ల పద్నాలుగు రాతి పలకలు. అందరూ ఒక్కో పలక దగ్గర ఆగి ప్రార్థన చెప్పుకుని పోతున్నారు. ఆమె కూడా ఆగింది. ప్రార్థన మొదలుపెట్టేది, కళ్ళు బట్టల మీదికి పోయేవి. సైనికుడి చేతి మీద మడతలు ఎటు పడాలో అటు పడలేదు. చెయ్యి పైకెత్తితే బట్ట భుజం దగ్గర ముడుచుకోవాలి. ఇక్కడ మోచేతి దగ్గర ముడుచుకుంది. చెక్కినవాడు చొక్కా వేసుకోడా ఏమిటి? ఏడుస్తున్న ఆడవాళ్ళ ముసుగులు మాత్రం బాగా పడ్డాయి.

పదో పలక దగ్గర ఎక్కువసేపు నిలబడింది. అక్కడ ప్రభువు బట్టలు లాగేస్తున్నారు. కుట్టులేని అంగీ అని చిన్నప్పుడు విన్నది. పైనుంచి కిందిదాకా ఒకే నేత. కుట్టు లేకుండా భుజం ఎలా వచ్చి ఉంటుంది? నేసేటప్పుడే తగ్గించారా? నేసింది ఎవరు? ఎవరు ఆయన్ని నిలబెట్టి కొలిచారు? వెనకాల ఒక ముసలి జంట ఆమె ముందుకు కదలడం కోసం ఆగి ఉన్నారు. ముసలాయన మెట్లు లెక్కపెడుతున్నాడు.

"రెండు వందల తొంభై ఆరు."

"పోయినసారి ఇక్కడికి మూడు వందలన్నావు" అంది ఆయన భార్య.

"పోయినసారి మధ్యలో నువ్వు మాట్లాడావు."

"ఈసారీ మాట్లాడుతున్నాను."

"అదే, పోయింది లెక్క! నడు."

కోడలు నవ్వాపుకుని పక్కకి జరిగింది.

పైకి చేరేసరికి కాళ్ళు పీకుతున్నాయి. గుడి ముందు పిట్టగోడ. దాని అవతల ఊరంతా. ఇంత ఊళ్ళో ఉంటున్నానా అనుకుంది. రైలు పట్టాలు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు. తమ వీధి కోసం వెతికింది. బట్టీ పొగగొట్టం దొరికితే ఇల్లు దొరుకుతుంది. ఆ పొగగొట్టం ఎక్కడా కనిపించలేదు.

గుళ్ళో పూజ అయిపోయింది. కొవ్వొత్తుల మైనం వాసన. పీఠం వెనక ఎత్తున అద్దాల అరలో విగ్రహం. దూరం నుంచి నీలం ఒక్కటే తెలుస్తోంది. పక్క తలుపు దగ్గర ఒక ముసలి సిస్టర్ బల్ల మీద జపమాలలు వరసగా పేరుస్తోంది.

"సిస్టర్, నేను కింద దర్జీ దుకాణం నుంచి వచ్చాను. పందొమ్మిదేళ్ళుగా పైవస్త్రం కుట్టేది నేనే."

సిస్టర్ జపమాలలు వదిలేసి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళు తిప్పి చూసింది. సూది పొడిచిన గుర్తులన్నీ చూసింది.

"పందొమ్మిదేళ్ళకి దర్శనమా తల్లీ? రా, రా. మెట్లు ఇరుకు, తల జాగ్రత్త."

వెనక గది నలుగురు నిలబడితే నిండిపోతుంది. విగ్రహం వీపు ఇటు, ముఖం అటు గుళ్ళోకి. గది వెనక గోడకి ఒక పెద్ద కిటికీ. కిటికీ అవతల ఊరు. ఇటు తిరిగి చూసిన కోడలికి బట్టీ పొగగొట్టం ఠక్కున దొరికింది. దాని పక్కనే తమ కప్పు. తమ కిటికీ.

అంటే సాయంత్రం తళుక్కుమనేది ఈ అద్దం. అత్తగారు ఇన్నేళ్ళూ చెయ్యెత్తి చూపించింది తల్లి ముఖం కాదు. వీపు.

ఆ తర్వాత ఆమె విగ్రహం వైపు తిరిగింది. పక్కనుంచి వంగి ముందువైపు తొంగి చూసింది. విగ్రహం ఎడమ చంకలో బిడ్డ. బిడ్డ బరువుకి నడుము ఒక పక్కకి ఒరిగింది. ఎడమ భుజం కాస్త దిగింది. చెక్కినవాడి చెయ్యి జారలేదు. బిడ్డని ఎత్తుకున్న ఏ ఆడదాని భుజమైనా అంతే దిగుతుంది. అర అంగుళం. దాన్ని నలభై ఆరేళ్ళ క్రితం అత్తగారు కొలిచి, విడిగా గీత గీసి రాసుకుంది.

అర అంగుళాన్ని పట్టుకున్న మనిషి పొడవు దగ్గర పొరపాటు పడుతుందా?

మోకాళ్ళ మీద కూర్చుని అంచు చూసింది. పదకొండు గుండుసూదులు. ఒకే దూరంలో, ఒకే వాలుగా, చాలా ఓపికగా గుచ్చినవి.

"ఇవి ఎవరు పెట్టారు సిస్టర్?"

"నేనే." సిస్టర్ కాస్త సిగ్గుపడింది. జేబులోంచి చిన్న పిప్పరమెంటు డబ్బా తీసి చూపించింది. అందులో ఇంకొన్ని సూదులు. "ఏటా నేనే. అంచు పాదాల మీద పడిపోతుంది కదా. కూర్చుని మడుస్తాను."

"మరి మాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"తల్లికి ఇచ్చినదాన్ని పొడుగు, పొట్టి అంటామా? ఇక్కడ అలా అనం. పైగా నువ్వు కావాలనే అలా కుడుతున్నావనుకున్నాను."

"కావాలనా?"

"పెరిగే పిల్లకి కుట్టినట్టు. వచ్చే ఏటికి కూడా సరిపోవాలని కాస్త వదులుగా కుడతారు చూడూ, అలా."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టేపు తీసింది. సిస్టర్ అనుమతి అడిగి, సూదులు తీసి, పైవస్త్రం మెల్లగా దింపింది. పాత చెక్క. చెమట వాసన లేని, ఊపిరి తీసుకోని, కదలని శరీరం. ఇన్నేళ్ళలో ఇంత బుద్ధిగా నిలబడి కొలత ఇచ్చినవాళ్ళు లేరు. మెడ కొలిచింది. పదకొండు. వీపు కొలిచింది. ముప్ఫై తొమ్మిది. అంచు తిరిగే చోట యాభై ఆరు.

చీటీ తీసింది. పదమూడు. నలభై ఒకటి. యాభై ఎనిమిది.

మళ్ళీ కొలిచింది. అంతే వచ్చింది. అన్ని చోట్లా రెండేసి అంగుళాలు ఎక్కువ రాసింది అత్తగారు. కుర్చీ నాది అనుకుంది కోడలు. అనుకోగానే ఏమంత సంతోషం కలగలేదు. అయినా మనసులో కుర్చీని ఒకసారి కిటికీకి కాస్త దగ్గరగా జరిపి చూసుకుంది.

"నేను దీన్ని తీసుకెళ్ళి సరిచేసి తెస్తాను సిస్టర్. రెండు రోజుల్లో."

"అంతవరకు తల్లిని ఇలా ఉంచుతామా? ఉండు." సిస్టర్ గోడలోని బీరువా తెరిచింది. "పాతవి కొన్ని వేరే గుళ్ళకి పోయాయి. మిగిలినవి ఇవే. ఏదో ఒకటి వేద్దాం."

అరలో మడతలు పెట్టిన నీలాలు. ఒక్కొక్కటీ ఒక్కో రకంగా వెలిసిన నీలం. సిస్టర్ అడుగునుంచి ఒకటి లాగింది. కోడలు లోపలి కుట్టు చూడగానే పోల్చుకుంది. దారం ముగించే చోట తాను రెండుసార్లు వెనక్కి కుడుతుంది. ఇది మూడుసార్లు. అత్తగారిది.

ఇద్దరూ కలిసి కప్పారు.

అది భుజాల మీద కూర్చుంది. కూర్చుంది అనడమే సరైన మాట. ఎడమ వైపు అర అంగుళం దిగి, వీపు మీదుగా ఒక్క ముడత లేకుండా జారి, పాదాలకి వెంట్రుకవాసి పైన ఆగింది. సూది అక్కర్లేదు. వెయ్యడానికి చోటు కూడా లేదు.

కోడలు అంచు పట్టుకుని వెలుతురులో చూసింది. గుండుసూది గుచ్చిన రంధ్రం ఒక్కటీ లేదు. బీరువాలో మిగిలినవన్నీ తీసి చూసింది. అత్తగారివి నాలుగు, ఒక్కదానికీ రంధ్రం లేదు. తనవి మూడు, మూడింటికీ అంచు పొడుగునా వరసగా రంధ్రాలు.

చీటీ ఒకటే. కుట్టిన చేతులే మారాయి.

"ఏం తల్లీ, అలా ఉన్నావు?"

"ఏం లేదు సిస్టర్. లెక్క కుదరడం లేదు."

సిస్టర్ పిప్పరమెంటు డబ్బా మూత తీసి, మూసి, మళ్ళీ తీసింది. "సరిచేస్తే ఇక సూదులు అక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు."

"మంచిదే" అంది సిస్టర్. డబ్బా జేబులో వేసుకుని, "ఏడాదికి ఒక్క రోజు ఆ పాదాల దగ్గర కూర్చునే పని నాది. మిగతా రోజులన్నీ జపమాలలు అమ్మడమే. అయినా మంచిదేలే" అంది.

దిగేటప్పుడు కోడలు పలకలేవీ చూడలేదు. పైవస్త్రం సంచిలో గుండెకి ఆనించుకుని, పెదవులు కదుపుతూ దిగింది. నలభై ఒకటి రాసి ముప్ఫై తొమ్మిది ఎలా కుట్టింది? చూసి రాసిందా, రాసి మార్చిందా? ఎక్కుతున్నవాళ్ళు ఆమె ప్రార్థన చేసుకుంటోందనుకుని దారి ఇచ్చారు.

దుకాణంలో భర్త ఇస్త్రీ బల్ల మీద మోచేతులు ఆనించి కునికిపాట్లు పడుతున్నాడు. అత్తగారు కుర్చీలో నిటారుగా ఉంది. అడుగుల చప్పుడు వినగానే అడిగింది.

"ఎంత?"

"పదకొండు, ముప్ఫై తొమ్మిది, యాభై ఆరు."

"అంతే కదా మరి!" అంది అత్తగారు. "నేనేం చెప్పాను?"

"మీరు చెప్పింది పదమూడు, నలభై ఒకటి, యాభై ఎనిమిది."

"అవును. పదకొండు, ముప్ఫై తొమ్మిది, యాభై ఆరు."

కోడలు సంచి కింద పెట్టింది. కుర్చీ దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది, కొండ మీద విగ్రహం దగ్గర కూర్చున్నట్టే.

"అత్తయ్యా, ఒక్కసారి మీ టేపు ఇవ్వండి."

ముసలామె చెయ్యి టేపు మీదికి పోయింది. కాసేపు వదల్లేదు. తర్వాత జేబులోంచి ఒక కొస తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

ఆ కొసకి ఇత్తడి బిళ్ళ లేదు. చీలిపోకుండా దారంతో చుట్టి కుట్టారు. ఒకటి లేదు. రెండు లేదు. టేపు మీద కనిపించే మొదటి అంకె మూడు.

"రెండంగుళాలు ఏమయ్యాయి?"

"అదుగో, ఆ నిద్రపోతున్నవాడు కత్తిరించాడు. మూడేళ్ళప్పుడు. కత్తెర చేతికి అందింది, టేపు అందింది. కొత్త టేపు ఎందుకు, రెండు తీసేసుకుంటే సరిపోయేదానికి? టేపు చెప్పింది చీటీ మీద రాస్తాను. గుడ్డ మీద కత్తెర పెట్టాక రెండు తీసేస్తాను."

"ఆ సంగతి నాకు చెప్పలేదు మీరు."

"చెప్పేదేముంది? ఆ తీసేయడం చేతికి తెలిసిన పని. నోటిదాకా ఎప్పుడు వచ్చింది గనక?" ముసలామె ఆగింది. ఇప్పుడే ఆవిడకి అర్థమైంది. ముఖం కిటికీ వైపు తిరిగింది. "అయితే నువ్వు తీసెయ్యలేదు."

"లేదు."

"పందొమ్మిదేళ్ళు."

"పందొమ్మిదేళ్ళు. మీరు కుట్టు తడిమారు గాని పొడవు ఎప్పుడూ కొలవలేదు."

"నా కొలతని నేనే కొలుచుకుంటానా?"

భర్త కళ్ళు తెరిచాడు. "నేనేం కత్తిరించాను? నాకేం గుర్తులేదు" అన్నాడు.

"మీ ఇద్దరి మధ్య కొలత పెట్టనన్నారుగా" అంది కోడలు. "ఎప్పుడో పెట్టారు."

అత్తగారు నవ్వలేదు. "ఏమన్నారు వాళ్ళు? ఆ సూదులు పెట్టేవాళ్ళు."

"పెట్టేది అక్కడి ముసలి సిస్టర్. పెరిగే పిల్లకి కుట్టినట్టు కుడుతున్నాననుకుందట."

ముసలామె పెదవులు బిగించింది. గడ్డం వణికింది. ఏడుస్తోందని కోడలు భయపడేలోపు నవ్వు బయటపడింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. కళ్ళు తుడుచుకుంది, తెరలు కట్టిన ఆ కళ్ళని.

"ఇప్పుడు తల్లి ఒంటి మీద ఏముంది?"

"మీది. బీరువాలోంచి పాతది తీసి వేశాం. సూది అక్కర్లేదు. వెంట్రుకవాసి పైన ఆగింది. ఏడాదికోసారి సూదులు పెట్టే పని పోతుందని ఆ సిస్టర్‌కే బెంగ. ఎడమ భుజం..."

"బిడ్డ ఉంది అటు" అంది అత్తగారు మెల్లగా. "చెప్పలేదూ నీకు?"

"అదీ చెప్పలేదు. ఇంకోటి కూడా ఉంది. మనకి మెరిసే అద్దం తల్లి వెనకాలది. మన కిటికీ వైపు ఉండేది ఆమె వీపు."

"వీపా?" అంది అత్తగారు. "అయితే వీపు కుట్టు ఇంకా బాగుండాలి."

తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. కోడలు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. గోడ తడుముకుంటూ ఇస్త్రీ బల్ల దాకా వెళ్ళి, కొడుకుని పక్కకి తోసి అక్కడి స్టూలు మీద కూర్చుంది.

"పైవస్త్రం ఇటు పడెయ్. అంచు నేను విప్పుతాను. విప్పడానికి కళ్ళెందుకు? కుట్టేది నువ్వు, నువ్వక్కడ కూర్చో."

"కొలత మీదే ఒప్పయింది కదా అత్తయ్యా. కుర్చీ మీది."

"అవును. ఓడిపోయావు గనక ఇస్తున్నాను. గెలిచి ఉంటే చచ్చినా ఇచ్చేదాన్ని కాదు."

కోడలు కుర్చీలో కూర్చుంది. అది ఆమెకి కాస్త ఎత్తు. బల్ల మీద వెలుతురు గుడ్డ పరిచినట్టు పడింది. సూది తీసింది. దారం మొదటిసారికే ఎక్కింది. ఆ మాట పైకి అనలేదు. విసుగు వినపడలేదు గనక అత్తగారికి తెలిసే ఉంటుంది.

గది చివర ముసలామె వేళ్ళు కుట్టు వెంట పోతున్నాయి. ఒక్కో పోగూ తెగుతున్న చప్పుడు. మెడ దగ్గరికి వచ్చాక ఆగింది.

"ఏమే, ఈ మెడ కొక్కెం తీసేస్తున్నా. మళ్ళీ కుట్టకు."

"కొక్కెం లేకపోతే మెడ నిలవదు కదా!"

"నిలవదు. ఒక గుండుసూది కావాలి" అంది అత్తగారు. "ఏటా ఒక్కటి. ఆ ముసలావిడని పెట్టుకోనీ."

ఒక్క పోగు వదులైతే చొక్కా మొత్తం విప్పించే మనిషి అలా అనేసరికి కోడలు తలెత్తి చూసింది. ట్యూబులైటు వెయ్యని ఆ చీకట్లో అత్తగారు కనిపించలేదు. కత్తెర చప్పుడు మాత్రం వినిపించింది.